కాలికి తెలిసిన ఊళ్లు: సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో ఒకనాటి నడక

తెలంగాణ ఆగ్నేయ భాగంలో, ఒకదానికొకటి సుమారు 50 కిలోమీటర్ల దూరంలో ఉన్న సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణాల్లో దాదాపు 1980ల నడిమి దాకా కాలినడకకు ఇప్పుడు ఊహించడం కష్టమైనంత విస్తృతమైన స్థానం ఉండేది. అది ఒకచోటి నుంచి మరొకచోటికి చేరే సాధనం, ఊరిని తెలుసుకునే పద్ధతి, ఇరుగుపొరుగుతో సంబంధం నిలుపుకునే మర్యాద, ఖర్చు లేని వినోదం. పొద్దున చెరువు కట్ట దాకా, పగలు అంగడి దాకా, సాయంత్రం బజారు కొస దాకా, రాత్రి సినిమా హాలు దాకా సాగే ఈ నడకకు ప్రత్యేకమైన పేరేదీ లేదు. ‘గిట్ల తిరిగొస్త’ అని ఇంట్లో చెప్పి గడప దాటడంతో అది మొదలయ్యేది. ఆ అలవాటు వల్ల మనుషులకు ఏయే సంగతులు తెలిసేవో, దానిలోని ఆనందం ఎటువంటిదో, అది ఎవరికి దక్కి ఎవరికి దక్కలేదో, ఏ కారణాల వల్ల కనుమరుగైందో పరిశీలిస్తే, ఈ మూడు పట్టణాల సాంఘిక చరిత్రలో పుస్తకాలకెక్కని ఒక భాగం బయటపడుతుంది.

ఈ మూడు పట్టణాలూ 2016 అక్టోబరు 11 వరకు నల్లగొండ జిల్లాలోనే ఉండేవి. ఆ రోజు జరిగిన జిల్లాల పునర్విభజనలో సూర్యాపేట కొత్త జిల్లాకు కేంద్రమైంది, కోదాడ అందులో చేరింది, మిర్యాలగూడ పాత జిల్లాలోనే ఉండిపోయింది. అయితే పటం మీది గీతల కన్నా ఈ ఊళ్ల రూపాన్ని ఎక్కువగా తీర్చిదిద్దినవి వేరే ఉన్నాయి. సూర్యాపేటను రహదారి పెంచింది, కోదాడను సరిహద్దు పెంచింది, మిర్యాలగూడను కాలువ పెంచింది. అందువల్ల నడిచేవారి కంటికి ఒక్కో ఊరు ఒక్కో విధమైన లోకాన్ని చూపేది.

భానుపురి అన్న పాత పేరు కూడా వాడుకలో ఉన్న సూర్యాపేట, గోల్కొండ నుంచి మచిలీపట్నం రేవుకు సరుకులు చేరవేసిన పాత వర్తక మార్గాల ప్రాంతంలో ఉంది. అదే దిశలో తర్వాతి కాలంలో స్థిరపడిన హైదరాబాద్–విజయవాడ రోడ్డు చాలాకాలం 9వ నంబరు జాతీయ రహదారిగా ఉండి, ఇప్పుడు 65వ నంబరుగా మారింది. నిజాం ప్రభుత్వం 1932లో 27 బస్సులతో రోడ్డు రవాణాను ప్రారంభించిన తర్వాత కూడా ఎన్నో ఏళ్లపాటు ఈ దారి మీద ఎడ్లబండ్లదీ పాదచారులదీ రాజ్యం. రెండు మహానగరాలకూ దాదాపు సమాన దూరంలో ఉండటం వల్ల బస్సులు ఇక్కడ ఆగేవి, ప్రయాణికులు దిగి చాయ్ తాగేవారు, ఆ ఆగడం చుట్టూ హోటళ్లు, పండ్ల బండ్లు, పాన్ డబ్బాలు వెలిశాయి. రోడ్డు ఊరి నడుమ నుంచే పోయేది కాబట్టి అదే బజారుగా, సభాస్థలంగా, ఊరేగింపుల మార్గంగా ఉపయోగపడేది. శంకర్‌విలాస్ సెంటర్, వాణిజ్య భవన్ సెంటర్ అని నేటికీ పిలిచే కూడళ్ల మీదుగా సాయంత్రం ఒకసారి అటు పోయి ఇటు వచ్చిన మనిషికి, ఏ బస్సు ఆలస్యమైంది మొదలుకొని ఏ ఇంట్లో పెళ్లి కుదిరింది దాకా ఆ పూట కబుర్లన్నీ తెలిసిపోయేవి.

ఈ కబుర్లకు ఆధారం ఇళ్ల నిర్మాణంలోనే ఉండేది. పెద్ద దర్వాజకు రెండు పక్కలా వీధివైపు కట్టిన ఎత్తైన గచ్చు దిమ్మెను అరుగు అంటారు. అది ఇంటి యజమాని సొత్తే అయినా, దాని మీద కూర్చునే హక్కు విషయంలో వీధికి కూడా వాటా ఉండేది. ఎండన పడి వచ్చిన బాటసారి కాసేపు చేరబడటానికి, కూరగాయల గంప దించుకోవడానికి, ముసలివాళ్లు పొద్దు గడపడానికి, పిల్లలు అచ్చంగాయలు ఆడుకోవడానికి అరుగే చోటు. నడిచేవారు అరుగు ముందు నుంచి పలకరించకుండా పోవడం మర్యాద కాదు. ‘ఎటు బైలెల్లినవ్ మామా?’ అని అరుగు మీది మనిషి అడగడమూ, ‘గీ బజారు దాక పోయొస్త బావా’ అని నడిచే మనిషి బదులివ్వడమూ సమాచారం కోసం జరిగేవి కావు, ఇద్దరూ ఒక ఊరివారమన్న సంగతిని రోజుకొకసారి గట్టిపరచుకోవడానికి జరిగేవి. చాలా కులాల నడుమ, కొన్నిచోట్ల హిందువులకూ ముస్లింలకూ నడుమ కూడా, మామ, కాక, అవ్వ, వదినె వంటి వరుసలతో పిలుచుకునే ఆచారం ఇటువంటి పలకరింపుల మీదనే నిలిచింది.

పొద్దుటి నడక ఎక్కువగా చెరువు వైపు సాగేది. కాకతీయుల కాలం నుంచి తెలంగాణ పల్లెలకూ పేటలకూ చెరువే జీవనాధారం కావడంతో, చెరువు స్థితిని కంటితో చూసి రావడం రైతులకే గాక వర్తకులకూ చేతివృత్తులవారికీ అవసరమైన పని. నీటిని ఆపే మట్టి గట్టును కట్ట అనీ, పొలాలకు నీరు వదిలే ద్వారాన్ని తూము అనీ, నిండిన తర్వాత మిగులు నీరు పొర్లిపోయే చోటును అలుగు లేదా మత్తడి అనీ అంటారు. సూర్యాపేటలో సద్దుల చెరువు కట్ట మీద, కోదాడలో పెద్దచెరువు కట్ట మీద నడిచిన మనిషి నీరు ఏ మెట్టు దాకా వచ్చిందో చూసి ఆ ఏటి పంటను, దాన్ని బట్టి ధాన్యం ధరను, దాన్ని బట్టి అప్పుల వసూళ్లను అంచనా వేయగలిగేవాడు. మత్తడి దుంకిందన్న వార్త ఊరంతటికీ పండుగ వార్త. దసరానాడు పాలపిట్టను చూడటం శుభమన్న నమ్మకంతో ఊరి పొలిమేర దాటి చేల గట్ల వెంట నడిచి, జమ్మి ఆకును బంగారమని పెద్దల చేతిలో పెట్టి కాళ్లు మొక్కే ఆచారం కూడా ఏడాదికొకసారైనా ప్రతి మనిషి చేత ఊరి అంచులను తొక్కించేది.

నడక పరిధి కొంచెం పెరిగితే చరిత్ర ఎదురయ్యేది. సూర్యాపేటకు కొద్ది కిలోమీటర్ల దూరంలోనే ఉన్న పిల్లలమర్రిలో, కాకతీయులకు సామంతులైన రేచర్ల రెడ్డి వంశంవారు 12వ శతాబ్ది చివర, 13వ శతాబ్ది తొలి సంవత్సరాల్లో కట్టించిన ఎరకేశ్వర, నామేశ్వర ఆలయాలున్నాయి. నామిరెడ్డి పేరిట నామేశ్వరం, బేతిరెడ్డి భార్య ఎరకసాని పేరిట ఎరకేశ్వరం వెలిశాయి. ఒక స్త్రీ తన పేరిట గుడి నిలిపిన సంగతి అక్కడి శాసనాల వల్ల లోకానికి తెలిసింది. శృంగార శాకుంతలం, జైమినీ భారతం రచించిన 15వ శతాబ్ది కవి పినవీరభద్రుడి ఇంటిపేరు కూడా ఈ ఊరిదే. శివరాత్రికి సూర్యాపేట నుంచి పిల్లలమర్రికి కాలినడకన పోయివచ్చే కుటుంబాలకు శాసనలిపి చదవడం రాకపోయినా, నల్లరాతి స్తంభాల నునుపును చేతితో తడిమి చూడటం వల్ల, పైకప్పు మీది చిత్రాల ఆనవాళ్లను తలెత్తి చూడటం వల్ల, తమ ఊరి పక్కనే ఒకనాడు గొప్ప శిల్పులు పనిచేశారన్న ఎరుక కలిగేది. చరిత్ర పాఠ్యపుస్తకంలో దూరపు రాజధానుల గురించి చదివిన పిల్లవాడికి, ఆ చరిత్రలో తన ఊరికి కూడా చోటున్నదని తొలిసారి తెలిసేది అటువంటి నడకలోనే.

సూర్యాపేట పక్కనే దురాజ్‌పల్లి వద్ద పెద్దగట్టు మీద రెండేళ్లకొకసారి జరిగే లింగమంతులస్వామి జాతర ఈ నడక సంస్కృతికి అతి పెద్ద రూపం. యాదవులు ప్రధానంగా జరిపే ఈ జాతరను గొల్లగట్టు జాతర అని కూడా అంటారు. కేసారం గ్రామం నుంచి దేవరపెట్టెను, అంటే దేవతామూర్తులను ఉంచిన పెట్టెను, గట్టుకు తీసుకురావడంతో ప్రధాన ఘట్టం మొదలవుతుంది. కాళ్లకు గజ్జెలు కట్టి, చేత కటారి పట్టి, భేరీల మోతకు అడుగు కలుపుతూ, ‘ఓ లింగా’ అని ఎలుగెత్తి పిలుస్తూ చుట్టుపక్కల జిల్లాల నుంచి జనం తరలివస్తారు. ఈ జాతర రోజుల్లో జాతీయ రహదారి మీది వాహనాలను నేటికీ వేరే దారులకు మళ్లిస్తారు. మిగతా కాలమంతా మనిషిని పక్కకు తోసే రహదారి ఆ కొద్ది రోజులు పాదాలకు దారి ఇస్తుంది.

కోదాడలో నడక ఇచ్చే అనుభవం వేరు. 1948 దాకా ఈ ఊరు నిజాం రాజ్యానికి తూర్పు అంచున ఉండేది. పాలేరు దాటితే బ్రిటిషు పాలనలోని కృష్ణా జిల్లా. ఆశ్చర్యకరమైన సంగతి ఏమిటంటే, కోదాడ నుంచి పడమరగా సూర్యాపేట వైపు నడిచినా మధ్యలో మళ్లీ బ్రిటిషు భూభాగమే తగిలేది. అదే మునగాల పరగణా. పరగణా అంటే కొన్ని గ్రామాల పాలనా విభాగం. నాలుగు దిక్కులా నిజాం గ్రామాలే ఉన్నా మునగాల పరగణా మద్రాసు ప్రెసిడెన్సీలోని కృష్ణా జిల్లాకు చెంది ఉండేది. నిజాం రాజ్యంలో చెల్లే నాణేన్ని హాలీ సిక్కా అనీ, బ్రిటిషు నాణేన్ని కల్దారు అనీ అనేవారు. 100 కల్దారు రూపాయలకు దాదాపు 116 హాలీ రూపాయలు వచ్చేవి. సరుకుల మీద సుంకం వసూలు చేసే నిజాం శాఖను కరోడ్‌గిరి అనేవారు. ఒక పూట నడకలో రెండు పాలనలు, రెండు నాణేలు, రెండు సుంకాలు దాటవలసివచ్చే ఈ ప్రాంతపు జనానికి రాజ్యాల హద్దులు పటం మీద చూసి నేర్చుకోవలసిన పాఠంగా ఉండేవి కావు. ఏ చింతచెట్టు దాటితే ఏ చట్టం వర్తిస్తుందో కాళ్లకు తెలుసు. 1959లో మునగాల పరగణా నల్లగొండ జిల్లాలో కలవడంతో ఈ విచిత్రం ముగిసింది.

ఆ పరగణా రాజుల నివాసమైన నడిగూడెం కోట తెలుగు సాంస్కృతిక చరిత్రలో గుర్తుంచుకోదగిన చోటు. మునగాల రాజా నాయని వెంకటరంగారావు, ఆయన సంస్థానంలో దివానుగా పనిచేసిన చరిత్రకారుడు కొమర్రాజు వేంకట లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావుతో కలిసి 1901 సెప్టెంబరు 1న హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయాన్ని స్థాపించారు. అక్కడ మొదలైన గ్రంథాలయోద్యమం ఊరూరికీ పాకడంతో, నడకకు ఒక కొత్త గమ్యం ఏర్పడింది. సాయంత్రం బజారుకు బయలుదేరిన మనిషి పఠనమందిరంలో ఆగి పత్రిక చదివేవాడు, చదవడం రానివారికి మరొకరు చదివి వినిపించేవారు, వచ్చేదారిలో ఆ వార్త మీద చర్చ సాగేది. నడక, చదువు, చర్చ మూడూ ఒకే సాయంత్రంలో ఇమిడిపోవడం వల్లనే నిజాం రాజ్యంలో తెలుగు చదువులకు ప్రభుత్వ ఆదరణ కరువైన రోజుల్లోనూ రాజకీయ చైతన్యం గల్లీలకు చేరగలిగింది.

స్వాతంత్ర్యానంతరం కోదాడ కూడళ్ల ఊరుగా ఎదిగింది. ఒకవైపు ఖమ్మం, ఒకవైపు హుజూర్‌నగర్, మిర్యాలగూడ దారులు జాతీయ రహదారిని కలిసే చోట్ల జనం గుమిగూడేవారు. రాత్రి సినిమా రెండో ఆట వదిలిన తర్వాత గుంపులు గుంపులుగా నడిచి ఇళ్లకు చేరడం ఆ తరంవారి గొప్ప సంబరాల్లో ఒకటి. పల్లెల నుంచి సినిమాకు వచ్చినవారు చెరువు కట్ట వెంట, డొంకల వెంట, కథను తిరిగి చెప్పుకుంటూ, పాటలు పాడుకుంటూ, చీకటి భయాన్ని అలా మరిపించుకుంటూ నడిచేవారు. రెండు వరుసల చెట్ల నడుమ బండ్లు పోయే మట్టిదారిని డొంక అంటారు. ఏ డొంకలో వర్షాకాలం బురద నిలుస్తుందో, ఏ మలుపు దగ్గర కుక్కలుంటాయో, ఏ బావి దగ్గర రాత్రిపూట కూడా చేద దొరుకుతుందో ఈ నడకల వల్ల తెలిసేది.

మిర్యాలగూడ కథలో ప్రధాన పాత్ర నీటిది. 1955 డిసెంబరు 10న జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసిన నాగార్జునసాగర్ నుంచి 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీరు వదిలారు. లాల్ బహదూర్ కాలువ అని పేరు పెట్టిన ఎడమ కాలువ ఈ ప్రాంతంలోని మెట్ట చేలను మాగాణిగా మార్చింది. జొన్న, సజ్జ, ఆముదం పండిన నేలల్లో వరి విస్తరించింది. కోస్తా జిల్లాల నుంచి రైతులు వచ్చి భూములు కొనుక్కుని స్థిరపడ్డారు. ప్రాజెక్టు ఉద్యోగుల కోసం ఏర్పడిన నివాసాలను ఎన్‌ఎస్‌పీ (నాగార్జునసాగర్ ప్రాజెక్టు) క్యాంపు అన్నారు. ఆ పేరు నేటికీ నిలిచి ఉంది. పాతబస్తీ ఇరుకు సందుల్లో పెరిగిన పిల్లలకు, ఒకే తీరు క్వార్టర్లు, తిన్నని దారులు, వరుస చెట్లు ఉన్న క్యాంపు దాకా నడిచి రావడం వేరే ఊరు చూసి వచ్చినట్టే ఉండేది. కాలువ గట్టు మీది నడకలో మరో ఆనందం ఉంది. చెరువు నీరు నిలకడగా ఉంటుంది, కాలువ నీరు పారుతుంది. నీరు వదిలిన రోజు, కట్టేసిన రోజు, పూడిక తీసే రోజులు, ఉపకాలువల వంతులు గట్టు మీద నడిచేవారికి ముందుగా తెలిసేవి.

వరి వెంట మిల్లులు వచ్చాయి. మిర్యాలగూడ దేశంలోని ప్రసిద్ధ బియ్యం కేంద్రాల్లో ఒకటైంది. ధాన్యాన్ని నానబెట్టి, ఆవిరి పట్టి, ఆరబెట్టి మరాడించగా వచ్చేదాన్ని ఉప్పుడు బియ్యం అంటారు. మిల్లుల వాడలో నడిచినవారికి ఈ ప్రక్రియ అంతా వరుసగా కళ్ల ముందు సాగేది. విశాలమైన గచ్చు కళ్లాల మీద ధాన్యం పరిచి కూలీలు కాళ్లతో సాళ్లు తీస్తూ తిరగేసేవారు. ఆవిరి పట్టిన ధాన్యపు వాసన వీధి మలుపుకు ముందే తగిలేది. బాయిలర్లలో కాల్చిన ఊక నుంచి లేచే నల్లటి బూడిద ఆరేసిన బట్టల మీద రాలేది. ఆ బూడిద ఇంటి ఆడవాళ్లకు తీరని బాధ, మిల్లు కూలీల ఊపిరితిత్తులకు నిజమైన ముప్పు. ధాన్యం కొనుగోలులో రైతు తరఫున నడిచే దళారిని అడ్తిదారు అనీ, తూకం వేసేవారిని దడ్వాయి అనీ, బస్తాలు మోసేవారిని హమాలీ అనీ పిలుస్తారు. ఈ పనులన్నీ వీధిలోనే, అందరూ చూస్తుండగానే జరిగేవి కాబట్టి, ఊరి ఆర్థిక జీవితం ఏ బడిలోనూ చెప్పనంత స్పష్టంగా నడిచేవారికి అర్థమయ్యేది. బీబీనగర్–నడికుడి రైలుమార్గం వచ్చిన తర్వాత, సూర్యాపేటకూ కోదాడకూ లేని రైలు స్టేషను మిర్యాలగూడవారి సాయంత్రపు నడకకు మరో గమ్యమైంది.

ఇంతటి సంపద ఉన్న ఈ నడక అందరికీ సమానంగా అందలేదన్న సత్యాన్ని దాచి ఆ కాలాన్ని పొగడటం న్యాయం కాదు. జాగీర్దారీ, దేశ్‌ముఖ్ పెత్తనాలు సాగిన రోజుల్లో దొర నివాసమైన గడీ ముందు చెప్పులు తొడుక్కుని నడవడానికి కింది కులాలవారికి అనుమతి లేదు. చెప్పులు చేతపట్టుకుని, తల వంచుకుని పోవలసివచ్చేది. దళితులకు అగ్రవర్ణాల వీధుల్లో నడవడానికే ఆంక్షలుండేవి, అరుగు మీద కూర్చోవడం ఊహకందని మాట, మంచినీళ్ల బావి దగ్గర దూరంగా నిలబడి ఎవరైనా పోసేదాకా ఎదురుచూడవలసిన దుస్థితి. వరుసలు కలిపి పిలుచుకునే ఆత్మీయత కూడా దళితవాడ పొలిమేర దగ్గర ఆగిపోయేది. కాబట్టి ఊరంతా అందరికీ తెలుసునన్న మాటలో ‘అందరూ’ ఎవరన్నది అడిగి తీరవలసిన ప్రశ్న.

ఈ ఆంక్షలను బద్దలు కొట్టినదీ నడకే. 1946 నుంచి 1951 దాకా సాగిన తెలంగాణ సాయుధ పోరాటానికి సూర్యాపేట ప్రాంతం ముఖ్య కేంద్రాల్లో ఒకటి. భీమిరెడ్డి నరసింహారెడ్డి, ఆయన చెల్లెలు మల్లు స్వరాజ్యం ఈ ప్రాంతపు బిడ్డలే. దళాలు రాత్రిపూట పొలాల గట్ల వెంట, వాగుల వెంట నడిచి ఊళ్లకు చేరేవి, వార్తాహరులు కాలిబాటల్లోనే కబుర్లు మోసేవారు, స్వరాజ్యం ఉయ్యాల పాటలతో ఆడవాళ్లను సమీకరించారు. పోరాటాన్ని నడిపిన సంఘం వచ్చిన ఊళ్లో వెట్టి ఆగింది, గడీ ముందు తలెత్తుకుని నడిచే ధైర్యం వచ్చింది. పోరాటం చివరి ఏడాదిలోనే, 1951 ఏప్రిల్ 18న, అదే నల్లగొండ జిల్లాలోని పోచంపల్లికి కాలినడకన వచ్చిన వినోబా భావే దళితుల కోసం భూమి అడగగా, వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇవ్వడంతో భూదానోద్యమం పుట్టింది. ఆశయాలు వేరైనా, ఒకే జిల్లా నేల మీద ఒకే కాలంలో సాగిన ఈ రెండు నడకలూ భూమి ఎవరిదన్న ప్రశ్ననే ఊరి నడుమ నిలబెట్టాయి.

స్త్రీల నడక మరొక తీరుది. పని లేకుండా బజారులో తిరగడం వారికి మర్యాద కాదన్న కట్టుబాటు ఉండేది. పరదా పాటించే కుటుంబాల స్త్రీలు తెర కట్టిన రిక్షాల్లో పోయేవారు. అయితే నీళ్లకు, కట్టెలకు, పొలం పనికి, బట్టలు ఉతకడానికి నడిచే స్త్రీలకు ఊరి భూగోళం మగవారి కన్నా లోతుగా తెలుసు. ఏ బావి నీరు పప్పు ఉడికిస్తుంది, ఏ బావి నీరు ఉప్పగా ఉంటుంది, వేసవిలో ఏ ఊట ఆఖరున ఎండుతుంది అన్న జ్ఞానం వారిదే. నల్లగొండ జిల్లాలో చాలాచోట్ల భూగర్భజలంలో ఫ్లోరైడు ఎముకలను వంచేంత ఎక్కువగా ఉన్నదన్న సంగతి తెలిస్తే, నీటి రుచిని గుర్తించే ఆ నేర్పు ఎంత విలువైనదో అర్థమవుతుంది. బతుకమ్మ తొమ్మిది రోజులు మాత్రం వారి నడకకు పని అన్న సాకు అక్కరలేదు. తంగేడు, గునుగు పూల కోసం చేలగట్ల వెంట పిల్లలు, సద్దుల బతుకమ్మనాడు పూలదొంతరలు తలకెత్తుకుని చెరువు దాకా ఆడవాళ్లు వీధి మధ్యగా నడిచేవారు.

ఈ జీవన విధానం ఒక్కరోజులో పోలేదు. కుళాయి వచ్చి బావి దారిని ఆపింది. ఆడవాళ్ల నెత్తి మీది బరువు దిగింది కాబట్టి అది శుభమే. దూరదర్శన్ వచ్చి సాయంత్రాలను ఇంటిలోకి లాగింది. 1985లో హీరో హోండా సీడీ 100 మార్కెట్లోకి వచ్చిన తర్వాత, తక్కువ పెట్రోలుతో ఎక్కువ దూరం పోయే మోటారు సైకిలు మధ్యతరగతికి అందుబాటులోకి వచ్చి, ఫర్లాంగు దూరానికి కూడా కాళ్లను మాన్పించింది. ఆటోలు, ప్రైవేటు బడుల బస్సులు పిల్లల నడకను తీసేశాయి. వీధులు వెడల్పు చేసినప్పుడు మొదట పోయినవి అరుగులు, వాటి చోట మడిగెలు, అంటే వీధివైపు తెరిచే దుకాణపు గదులు, ఇనుప షట్టర్లతో వరుసకట్టాయి. 2010 తర్వాతి దశకంలో జాతీయ రహదారి నాలుగు వరుసలుగా విస్తరించి, దూరప్రయాణికులు ఊరిలో దిగకుండానే దాటిపోయే వీలు కలిగింది. వేగం పెరిగింది, వైద్యం అందే దూరం తగ్గింది, వ్యాపారం విస్తరించింది. వీటిలో ఏ ఒక్కటీ తప్పని అనలేము. కానీ నడిచే మనిషికి చోటు మిగల్చాలన్న ఆలోచన వీటిలో దేనికీ తోడు రాలేదు.

అందువల్ల జరిగిన నష్టం ఆరోగ్యానికి సంబంధించినది మాత్రమే కాదు. రోజూ కట్ట మీద నడిచే జనం ఉన్నంతకాలం చెరువు శిఖంలోకి, అంటే నీరు నిండినప్పుడు మునిగే నేలలోకి, ఎవరైనా రాయి పాతితే మరుసటి పొద్దుకే ఊరంతా తెలిసేది. నడక తగ్గిన తర్వాత కుంటలు పూడి ప్లాట్లయిన సంగతి ఇళ్లు మునిగే వాన వచ్చినప్పుడు గాని బయటపడటం లేదు. వాడలోని ముసలివారి ఆరోగ్యం, బడి మానేసిన పిల్లవాడి సంగతి, మూతపడిన మగ్గం, ఎండిపోయిన వేప, వీటిని గమనించే కళ్లు తగ్గాయి. పేరుకు నివాసం ఒక వాడలోనే అయినా, పక్క గల్లీ పేరు ఫోనులోని పటం చెబితే గాని తెలియని తరం ఏర్పడింది.

ఈ మార్పు ఈ మూడు ఊళ్లకే పరిమితమైనది కాదు. అమెరికాలో హెన్రీ డేవిడ్ థోరో నడక మీద రాసిన వ్యాసం 1862లో అచ్చయ్యేనాటికే నడకను కాపాడుకోవలసిన విద్యగా చెప్పవలసి వచ్చింది. 1961లో జేన్ జేకబ్స్ అమెరికా నగరాల గురించి రాసిన పుస్తకంలో, వీధిని చూస్తూ ఉండే ఇరుగుపొరుగు కళ్లే వీధికి భద్రత అని వాదించింది. ఆమె స్మృతిలో 2007లో టొరంటోలో మొదలైన పేట నడకలు తర్వాత ఎన్నో దేశాలకు వ్యాపించాయి. అరుగు మీద కూర్చుని ‘ఎటు బైలెల్లినవ్’ అని అడిగిన సూర్యాపేట ముసలవ్వ చేసినదీ జేకబ్స్ చెప్పిన పనే. మహానగరాలు నిర్వాహకులను పెట్టుకుని వారాంతాల్లో తిరిగి నేర్చుకుంటున్న దానిని ఈ పట్టణాలు నిత్యాచారంగా పాటించి, విలువ గుర్తించకుండానే వదులుకున్నాయి.

తిరిగి తెచ్చుకోవడం అసాధ్యమేమీ కాదని ఇక్కడి అనుభవమే చెబుతున్నది. 2000ల తొలి సంవత్సరాల్లో ఇంటింటి నుంచి తడి, పొడి చెత్తను వేరుగా సేకరించి, వీధికుండీల అవసరమే లేకుండా చేసి, సూర్యాపేట పురపాలక సంఘం దేశం దృష్టిని ఆకర్షించింది. సద్దుల చెరువు కట్టను ట్యాంక్‌బండ్‌గా తీర్చిదిద్దిన తర్వాత నడిచేవారు మళ్లీ చేరుతున్నారు, వారిలో ఆడవాళ్లు పెద్ద సంఖ్యలో ఉండటం గతంలో లేని విశేషం. అయితే ఆరోగ్యం కోసం ఒకేచోట చుట్లు తిరగడం వేరు, వాడను చూస్తూ నడవడం వేరు. రెండోది సాధ్యం కావాలంటే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ సూచించినట్టు కనీసం 1.8 మీటర్ల వెడల్పున అడ్డంకులు లేని కాలిబాట ప్రధాన వీధులకైనా ఉండాలి. చెరువు కట్టలు, కాలువ గట్లు నడకదారులుగా నమోదు కావాలి. ప్రతి ఉన్నత పాఠశాల ఏడాదికొకసారైనా పిల్లలను తమ వార్డు అంతా నడిపించి, బావులను, పెద్ద చెట్లను, శిథిల శాసనాలను, చేతివృత్తులను, పాత గల్లీల పేర్లను రాయించాలి. ఆ పేర్లు తెలిసిన పెద్దలు ఇంకా ఉన్నారు కాబట్టి ఈ పని ఇప్పుడే జరగాలి.

ఒకనాటి నడకలో ఊరి పట్ల శ్రద్ధ ఉండేది, సమానత్వం లేదు. నేడు ఏ వీధిలోనైనా ఎవరైనా నడిచే హక్కును రాజ్యాంగం ఇచ్చింది, దానికోసం ఈ నేల మీద మనుషులు ప్రాణాలు కూడా ఇచ్చారు, కానీ నడిచే చోటూ తీరికా తరిగిపోయాయి. పాతదానిలోని శ్రద్ధనూ కొత్తదానిలోని హక్కునూ కలపడమే ఈ తరం చేయదగిన పని. గడీ ముందు చెప్పులు విడిచిన వారి మనవలూ, పని సాకు లేనిదే గడప దాటని ఆడవాళ్ల మనవరాళ్లూ ఏ జంకూ లేకుండా, ఏ వాహనానికీ భయపడకుండా ప్రతి వాడలోనూ నడిచి చూడగలిగిననాడు, సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ తమ చరిత్రలో మొదటిసారిగా తమలో నివసించే అందరికీ తెలిసిన ఊళ్లవుతాయి.